గడ్డిలో దాగిన నూనె

ఇడ్లీ గిన్నె మూత తీసి చూడండి. మూత లోపల ఏముంది? నీటి చుక్కలు. అవి ఎలా వచ్చాయి? కింద నీళ్లు మరిగాయి. ఆవిరి పైకి లేచింది. చల్లని మూతకు తగిలింది. మళ్లీ నీళ్లయింది.

వాసన మొక్కల నుంచి నూనె తీసేది కూడా ఇలాగే.

పెరట్లో నిమ్మగడ్డి ఉందా? ఒక ఆకు నలపండి. ఘుమ్మని నిమ్మ వాసన వస్తుంది. ఆ వాసన ఆకులో ఉన్న నూనెదే. ఇది నువ్వుల నూనె లాంటిది కాదు. గానుగ ఆడిస్తే రాదు. ఆవిరి తగిలితే ఆకు వదిలి పైకి లేస్తుంది. చల్లబడితే నీళ్ల మీద తేలుతుంది. తులసి, మరువం, దవనం నూనెలు కూడా ఆవిరితోనే తీస్తారు.

ఇంట్లో ఎలా తీయాలి?

1. ఒక పెద్ద గిన్నె తీసుకోండి. మధ్యలో కడిగిన ఇటుక పెట్టండి.

2. గడ్డిని చిన్న ముక్కలుగా కోసి ఇటుక చుట్టూ వేయండి. నీళ్లు పోయండి. ఇటుక మునగకూడదు.

3. ఇటుక మీద చిన్న స్టీలు గిన్నె పెట్టండి.

4. గుంటగా ఉన్న మూతను తిరగేసి పెట్టండి. దాని పిడి స్టీలుది కావాలి. మూత మీద చల్లనీళ్లు పోయండి.

5. సన్నని మంట మీద గంటసేపు కాయండి. మూత మీది నీళ్లు వేడెక్కితే తీసి, మళ్లీ చల్లనీళ్లు పోయండి. అడుగున నీళ్లు ఇంకిపోకుండా చూసుకోండి.

ఆవిరి చల్లబడి, పిడి మీదుగా చిన్న గిన్నెలోకి చుక్కలు చుక్కలుగా జారుతుంది.

జాగ్రత్త! మూత చుట్టూ పిండి మెత్తవద్దు. ఆవిరికి దారి ఉండాలి. కుక్కరుకు గొట్టం తగిలించి చేయవద్దు. గొట్టం మూసుకుపోతే కుక్కరు పేలవచ్చు.

చల్లారాక చూడండి. గిన్నెలో వాసన నీళ్లు ఉంటాయి. పైన పలుచగా నూనె తేలుతుంది. "ఇంత గడ్డికి ఇంతేనా?" అనిపిస్తుంది. అవును, అంతే. కిలో గడ్డిలో ఉండే నూనె సుమారు ఒక చెంచా. ఇంటి గిన్నెలో అది కూడా పూర్తిగా రాదు. వాసన నీళ్లు పారబోయకండి. ఇల్లు తుడిచే నీళ్లలో కలపండి.

ఈ నూనె చాలా ఘాటు. తాగకూడదు. ఒంటికి నేరుగా రాయకూడదు. పసిపిల్లలకు, గర్భిణులకు వాడవద్దు. మంటకు దూరంగా, గాజు సీసాలో, పిల్లలకు అందని చోట దాచండి.

మరి అమ్ముకోవచ్చా?

100 కిలోల గడ్డికి సుమారు అర కిలో నూనె వస్తుంది. దానికి పెద్ద బాయిలరు కావాలి. వంటచెరకు కావాలి. ఒక్కరి వల్ల కాదు. పదిమంది కలిస్తే అవుతుంది. ఈ పంటల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ లక్నోలో ఉంది. పేరు సీమ్యాప్. దాని కేంద్రం ఒకటి హైదరాబాదులో ఉంది. ముందు అక్కడ అడిగి తెలుసుకోండి.

"మొక్కలు మా దగ్గర కొనండి, నూనె మేమే కొంటాం" అని ఎవరైనా రావచ్చు. మాట నమ్మి పొలం దున్నకండి. ధర ఎంత? ఎన్నాళ్లు కొంటారు? డబ్బు ఎప్పుడిస్తారు? అన్నీ కాగితం మీద రాయించుకోండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు. ప్రతి అక్షరం చదవండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.

చెప్పుకోండి:

మూత మీద చల్లనీళ్లు ఎందుకు పోయాలి?

కుక్కరుతో ఎందుకు చేయకూడదు?

సంతకం పెట్టే ముందు ఏమేమి చూడాలి?