సముద్రం పక్కన దారి

విశాఖపట్నం సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద నగరం. అక్కడి నుంచి భీమిలికి ఒక దారి ఉంది. ఒక పక్క సముద్రం. ఇంకో పక్క కొండలు. దారి పొడవు సుమారు 25 కిలోమీటర్లు. దీన్ని బీచ్ రోడ్డు అంటారు. బీచ్ అంటే సముద్రపు ఒడ్డు.

ఈ దారి చూడటానికి ఎన్నో ఊళ్ల నుంచి జనం వస్తారు. మహిళా సంఘాల వాళ్లు కలిసికట్టుగా వస్తారు. కొంత దూరం నడుస్తారు. కొందరు సైకిలు తొక్కుతారు. మిగతా దూరం బస్సులో పోతారు.

బస్సు ఖర్చు ఎంత?

విశాఖ నుంచి భీమిలికి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపించాలి. అన్ని బస్సులూ ఉచితం కాదు. అందుకే ఎక్కే ముందు బస్సు మీది బోర్డు చదవాలి. అది ఏ బస్సు? ఏ ఊరు పోతుంది? చదువుకున్న ఆడమనిషి ఎవరినీ అడగక్కర్లేదు.

దారిలో ఏమేమి ఉన్నాయి?

ముందు రామకృష్ణా బీచ్ వస్తుంది. అక్కడ రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది. ఆ పేరే ఒడ్డుకు వచ్చింది. ఇక్కడ సూర్యుడు సముద్రంలో నుంచి పైకి వస్తున్నట్టు కనిపిస్తాడు. సముద్రం తూర్పున ఉంది కదా! పొద్దున్నే ఈ రోడ్డు మీద కొంత మేర బండ్లను ఆపేస్తారు. అప్పుడు ముసలివాళ్లు, పిల్లలు కూడా భయం లేకుండా నడుస్తారు.

ఒడ్డునే 'కురుసుర' అనే జలాంతర్గామి ఉంది. జలాంతర్గామి అంటే నీటి లోపల పోయే ఓడ. ఇది 1969 నుంచి 2001 దాకా మన నౌకాదళంలో పనిచేసింది. 2002లో దీన్ని ఒడ్డు మీదికి చేర్చి, జనం చూడటానికి తెరిచారు. లోపల ఇరుకు దారిలో నడుస్తూ నావికులు ఎలా బతికారో చూడొచ్చు.

తర్వాత కైలాసగిరి కొండ, రుషికొండ తీరం వస్తాయి. ఇంకా ముందుకు పోతే తొట్లకొండ. సుమారు 2000 ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ ఉండేవారు. వాన నీళ్లు దాచుకోవడానికి రాతిలో తొట్లు తొలిచారు. అందుకే ఆ పేరు. కొండ మీద నిలబడితే సముద్రం ఎంతో దూరం కనిపిస్తుంది.

భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల ఏళ్లుగా గాలి, నీరు కలిసి చేసిన దిబ్బలు అవి. ఎక్కి తొక్కితే మట్టి జారిపోతుంది. దూరం నుంచే చూడాలి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పాతకాలపు డచ్చి వర్తకుల సమాధులూ అక్కడ ఉన్నాయి. 1861లోనే ఈ ఊరు మునిసిపాలిటీ అయింది.

నడకా, సైకిలూ

ఫుట్‌పాత్ ఉంటే దాని మీదే నడవాలి. లేకపోతే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడి పక్కన నడవాలి. సైకిలు మాత్రం ఎడమ పక్కనే తొక్కాలి. పైట చెంగు, కుచ్చిళ్లు చక్రంలో పడకుండా దోపుకోవాలి.

ఆడవాళ్లకు సైకిలు ఏమిటి అని కొందరు అంటారు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో ఆడవాళ్లు అక్షరాలతో పాటు సైకిలూ నేర్చుకున్నారు. కొందరు ఎగతాళి చేశారు. అయినా వాళ్లు మానలేదు. వేలాది మంది నేర్చుకున్నారు.

నీళ్లతో జాగ్రత్త

ఈ ఒడ్డున ఏటా మనుషులు మునిగి చనిపోతున్నారు. ఎందుకు? అలలు నీళ్లను ఒడ్డుకు తోస్తాయి. ఆ నీళ్లు తిరిగి సముద్రంలోకి పోవాలి. కొన్ని చోట్ల అవి సన్నని కాలువలా చేరి, జోరుగా వెనక్కి పోతాయి. ఆ చోట అలలు తక్కువగా విరుగుతాయి. చూడటానికి నెమ్మదిగా ఉంటుంది. ఇక్కడ భయం లేదు అనుకుని దిగుతారు. నీరు లోపలికి లాగేస్తుంది. ఈత వచ్చిన వాళ్లకూ కష్టమే. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది.

లాగే నీటికి ఎదురు ఈదితే అలిసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ, చెయ్యి ఎత్తి కేకలు పెట్టాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెంట దూకకూడదు. కాపాడబోయి మునిగిన వాళ్లూ ఉన్నారు. తాడు, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది విసరాలి. గజఈతగాళ్లను పిలవాలి. 112కు ఫోన్ చేయాలి.

'ఇక్కడ స్నానం ప్రమాదం' అని బోర్డు ఉంటే దిగకూడదు. పిల్లల చెయ్యి వదలకూడదు. అల వచ్చి పాదాలు తడిపితే చాలు. అంతకు మించి లోపలికి పోనక్కర్లేదు.

బస్సు దిగగానే ఎంతమంది వచ్చారో లెక్క పెట్టుకుని కాగితం మీద రాసుకోండి. ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ లెక్క పెట్టండి. రెండు లెక్కలూ సరిపోయాకే బస్సు ఎక్కండి.