ఇరవై నాలుగేళ్ళ వరద

జియాలజీలో చేరే పిల్లల్లో చాలామందికి ఒక ధైర్యం ఉంటుంది: ఇక లెక్కల బెడద లేదని. మొదటి వారంలోనే వాళ్ళ చేతికి గోదావరి అంకెలు ఇవ్వాలంటాను నేను. 1953 నుంచి 2022 దాకా, భద్రాచలం దగ్గర నది ఏటా చేరిన గరిష్ఠ నీటిమట్టాలు. మొత్తం 70.

పెద్దదాని నుంచి చిన్నదానికి వరస పెట్టమనండి. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగులు మొదటిది. 1953లో 72.1, 2022 జూలైలో 71.3, 1990లో 70.8. ఏళ్ళ సంఖ్యకు ఒకటి కలిపి, వరసలోని స్థానంతో భాగించాలి. 2022ది మూడో స్థానం: 71ని 3తో భాగిస్తే దాదాపు 24. అంత వరద సగటున 24 ఏళ్ళకోసారి వస్తుందన్నమాట.

"అయితే మళ్ళీ 2046లోనా సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మనమే అడగాలి, అసలు పాఠం అక్కడే ఉంది. ఏ ఏడాదికైనా అవకాశం 24లో ఒక వంతు, అంతే. 1986 తర్వాత నాలుగేళ్ళకే 1990 రాలేదూ? నూరేళ్ళ వరదనూ ఇలాగే చూడాలి. ఏ ఏడాదైనా అది రాకుండా ఉండే అవకాశం 0.99. ముప్పై ఏళ్ళకు ముప్పై 0.99లను గుణిస్తే 0.74 వస్తుంది. అంటే ముప్పై ఏళ్ళ ఇంటి అప్పు తీరేలోపు ఆ వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం.

అడుగులు వేరు, క్యూసెక్కులు వేరు. 2006లో భద్రాచలం దగ్గర మట్టం 66.9 అడుగులే, 2022 కన్నా తక్కువ. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం మాత్రం 2006లోనే ఎక్కువ: 28 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022లో 26 లక్షలకు లోపే. మధ్యలో కూనవరం దగ్గర శబరి కలుస్తుందని మ్యాపులో చూపించి, మిగతా కారణాలు పిల్లల్నే వెతకనివ్వాలి.

విశాఖపట్నం మధురవాడలో పాఠం చెప్పే మాస్టారు గోదావరి దగ్గరే ఆగిపోనక్కర్లేదు. కొండల మీంచి దిగే గెడ్డలు పక్కనే ఉన్నాయి. గోదావరి అంకెలు వాటికి పనికిరావు. గెడ్డ గంటల్లో పొంగి గంటల్లో తీస్తుంది. ఇక్కడ లెక్క వేరు. చదరపు కిలోమీటరు మీద గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్లు. మట్టీ చెట్లూ ఉండి అందులో పదింట మూడు వంతులే పారితే సెకనుకు సుమారు 4 ఘనపు మీటర్లు. లేఅవుట్లు పడి, సిమెంటు పరచుకుని పదింట ఎనిమిది పారితే 11. అంత నీరు కల్వర్టు కింద పడుతుందో లేదో టేపు పట్టుకెళ్ళి కొలవచ్చు.