లాన్‌లో పూసినవన్నీ కుంకుమపువ్వులు కావు

న్యూజెర్సీలోనో ఇంగ్లండ్‌లోనో చలికాలంలో ఇల్లు కొన్న మనవాళ్లు మార్చి రాగానే లాన్ చూసి ఆశ్చర్యపోతుంటారు. గడ్డిలో ఊదా, నీలం, తెలుపు పూలు! పాత యజమానులు నాటిన దుంపలవి, లేదా విత్తనం రాలి మొలిచినవి.

అపోహ: ఊదారంగు క్రోకస్ అంటే కుంకుమపువ్వే.

వాస్తవం: కాదు. అసలు కుంకుమపువ్వు కశ్మీర్‌లోని పాంపోర్ పొలాల్లో అక్టోబరు, నవంబరులలో పూస్తుంది. వసంతంలో పూసేది దాని చుట్టమే కానీ వంటకు పనికిరాదు. అలాగని శరత్తులో పూసినదల్లా కుంకుమపువ్వూ కాదు. చూపులకు దానిలాగే ఉండే కాల్చికమ్ ప్రాణాలు తీసే విషం. పువ్వులో పుప్పొడి కాడలు మూడుంటే క్రోకస్, ఆరుంటే కాల్చికమ్. లెక్క సరిపోయినా సరే, లాన్‌లో పూసినదాన్ని పాలలో వేయకండి.

అపోహ: సన్నటి ఆకులు, కింద గడ్డ. ఉల్లికాడలే!

వాస్తవం: ఆకు నలిపి చూడండి. ఉల్లి వాసన రాకపోతే ఉల్లి కాదు. డాఫోడిల్, స్టార్ ఆఫ్ బెత్లెహామ్ రెండూ విషమే. ఆకు మధ్య తెల్లగీత క్రోకస్‌కూ, స్టార్ ఆఫ్ బెత్లెహామ్‌కూ ఉంటుంది కాబట్టి పువ్వు విచ్చేదాకా ఏదీ తేల్చుకోవద్దు.

అపోహ: పూలు వాడాక లాన్ కోసేయొచ్చు.

వాస్తవం: ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. వచ్చే ఏటి పువ్వుకు కావలసిన తిండిని దుంపలోకి పంపేది ఈ ఆకులే. పచ్చగా ఉండగా కోస్తే మరుసటి ఏడు ఆకులే తప్ప పువ్వు రాకపోవచ్చు. పూత అయ్యాక కనీసం 6 వారాలు ఆ చోట మెషీన్ తిప్పకండి. ఆకుల్ని జడలా ముడివేయడం కూడా తప్పే, ఎండ తగలదు.

అపోహ: వేరే చోటికి మార్చాలంటే దుంపలను శరత్తులోనే తవ్వాలి.

వాస్తవం: అప్పటికి నేలమీద ఆకు జాడ ఉండదు, పార దుంపలోనే దిగుతుంది. పూసినప్పుడే పక్కన పుల్ల గుచ్చి, ఫొటో తీసుకోండి. ఆకులు పసుపెక్కాక ఫోర్కుతో కాస్త దూరంగా, లోతుగా గుచ్చి మట్టితో సహా పైకెత్తండి. దుంప ఎత్తుకు రెండు మూడు రెట్ల లోతులో నాటాలి. స్నోడ్రాప్‌ల సంగతి వేరు. పూత ముగియగానే, ఆకు పచ్చగా ఉండగానే తవ్వి, మునుపటి లోతులోనే నాటాలి. వాటి ఎండిన దుంపలు సరిగా నాటుకోవు.

తవ్విన ట్యులిప్‌ దుంపలను తీసుకెళ్లి నాటితే హైదరాబాద్‌లోనూ ఏటా పూస్తాయనుకోవద్దు. వాటికి 12 నుంచి 16 వారాల గట్టి చలి కావాలి. మన నేలకైతే వానలకు పూసే రెయిన్ లిలీ ఉంది. అదీ దుంప మొక్కే, ఒకసారి నాటితే గుంపు కడుతుంది.