జర్మన్ల నోట ఆటల మాట

పిల్లలూ! మా బడిలో ఆటల పోటీల రోజున మైకు పట్టుకునే పని నాదే. ఒక ఏడు ఉబలాటం కొద్దీ "నేను ఫుట్‌బాల్ ఆడతాను" అనే మాటను నాలుగైదు భాషల్లో చెప్పాను. జర్మన్ వంతు రాగానే "ఇచ్ స్పీలె ఫుట్‌బాల్" అని ధాటిగా అనేశాను. జర్మనీలో చదువుకుంటూ సెలవులకు ఊరికి వచ్చిన మా పాత విద్యార్థి ఒకడు అది విన్నాడు. సాయంత్రం దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకండి మాస్టారూ, మూడు మాటల్లో మూడు తప్పులున్నాయండీ" అన్నాడు. రసాయనాల పేర్లు తప్పు పలికితే పిల్లల్ని కసురుకునే నాకు తల కొట్టేసినట్లయింది.

సరైన వాక్యం "ఇహ్ ష్పీలె ఫూస్‌బల్". తప్పులు ఒక్కొక్కటే చూద్దాం.

జర్మన్‌లో మాట మొదట 'ఎస్' పక్కన 'పి' గాని 'టి' గాని ఉంటే 'స' కాదు, 'ష' పలుకుతుంది. 1988లో నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళూ, సియోల్ ఒలింపిక్స్ స్వర్ణమూ గెలిచిన టెన్నిస్ క్రీడాకారిణి మనకు స్టెఫీ గ్రాఫ్. జర్మన్లకు ష్టెఫీ! 'స్పోర్ట్' అనే మాట ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్నదే. అయినా వాళ్ళ నోట అది 'ష్పోర్ట్' అయి కూర్చుంది. మన పల్లెల్లో స్కూలు 'ఇస్కూలు' కాలేదూ? అరువు మాట ఏ ఇంటికి వస్తే ఆ ఇంటి యాస నేర్చుకోవాల్సిందే.

ఇక నేను 'చ' అన్న చోటు. అక్కడ ఉన్నది మన వర్ణమాలలో లేని ధ్వని. అయినా దాని చోటు మనకు తెలుసు. ఒక ప్రయోగం చెయ్యండి. గొంతు మీద వేళ్ళు ఆనించి 'య' అనండి. గొంతు అదురుతుంది కదూ? నాలుక నడిమి భాగం అంగిలి దగ్గరికి లేచి ఉంటుంది. నాలుకను అక్కడే ఉంచి, గొంతు అదరకుండా గాలి మాత్రం ఊదండి. పిల్లి బుసకొట్టినట్లు సన్నని చప్పుడు వస్తుంది. 'ఇహ్'లోని ధ్వని అదే. తెలుగు లిపిలో దాన్ని 'హ్' అని రాయడం కేవలం సర్దుబాటు.

అదే అక్షరాల జంట 'అ', 'ఒ', 'ఉ'ల తర్వాత వస్తే మాత్రం గొంతు దగ్గరి గరగర అవుతుంది. హైజంపును వాళ్ళు 'హోఖ్‌ష్ప్రుఙ్' అంటారు. 'హోఖ్' అంటే ఎత్తు. ఎందుకీ తేడా? 'ఇ' అనేటప్పుడు నాలుక ముందుకు వచ్చి ఉంటుంది. గాలి రాపిడి అక్కడే జరిగిపోతుంది. 'ఒ' అనేటప్పుడు నాలుక వెనక్కి పోయి ఉంటుంది. రాపిడీ వెనకే జరుగుతుంది. నాలుక తన శ్రమ తగ్గించుకుంటోందన్నమాట. అన్నట్లు, ఆ మాట చివర ఉన్నది అచ్చంగా మన 'ఙ'. వెంట 'గ' లేదు. వర్ణమాలలో ఎందుకుందో అని మీరు విసుక్కునే అక్షరం అక్కడ రోజూ పనికొస్తోంది!

మూడో తప్పు చిన్నది. కాలు 'ఫూస్', దీర్ఘం. బంతి 'బల్', హ్రస్వం. నేను రెండూ తారుమారు చేశాను.

అద్దం ఉంటే ఇంకొకటి చూడండి. 'ఈ' అంటూ, నాలుక కదపకుండా, పెదవులు మాత్రం 'ఊ' అన్నట్లు గుండ్రంగా చుట్టండి. వచ్చే అచ్చు తెలుగులో లేదు. 1972 ఒలింపిక్స్ జరిగిన మ్యూనిక్ నగరాన్ని జర్మన్లు 'మ్యున్‌హెన్' అంటారు. అందులో ఉన్నది ఈ అచ్చే, కాస్త పొట్టిగా.

ఇప్పుడు వ్యాకరణం. తెలుగులో క్రియ సాధారణంగా చివర ఉంటుంది. జర్మన్ వాక్యంలో దానిది రెండో కుర్చీ. 'హొయ్‌టె' అంటే ఈరోజు. దాన్ని ముందుకు తెస్తే "హొయ్‌టె ష్పీలె ఇహ్ ఫూస్‌బల్" అవుతుంది. 'నేను' లేచి పక్కకు జరిగింది. 'ఆడతాను' కదల్లేదు. అయితే 'ఎందుకంటే' అనే అర్థమిచ్చే 'వైల్' వచ్చిందా, క్రియ చివరికి పోతుంది: "వైల్ ఇహ్ హొయ్‌టె ఫూస్‌బల్ ష్పీలె". మాటకు మాట చూడండి: ఎందుకంటే, నేను, ఈరోజు, ఫుట్‌బాల్, ఆడతాను. అచ్చం మన వరసే! ఇంగ్లీషు పిల్లలు ఇక్కడ తికమకపడతారు. మీకా భయం లేదు.

'ఆడాలి', 'ఆడగలను' వంటి మాటల్లో క్రియ రెండు ముక్కలవుతుంది. 'ఆలి', 'గలను' అనే భావం రెండో కుర్చీలో, 'ఆడు' అన్నది చివర. 1954 జూలై 4న బెర్న్‌లో ప్రపంచ కప్పు ఫైనల్. పశ్చిమ జర్మనీ, హంగరీ చెరి రెండు గోల్సుతో ఉన్నాయి. 84వ నిమిషంలో బంతి హెల్ముట్ రాన్ కాలికి దొరికింది. రేడియోలో హెర్బర్ట్ జిమ్మర్‌మాన్ 'రాన్ కొట్టాలి' అన్న భావంతో ఒక వాక్యం అన్నాడు. అందులో 'కొట్టు' అనే 'షీసన్' చివరి మాట. అది పూర్తయిన మరుక్షణం "రాన్ షీస్ట్!" అన్నాడు. అంటే 'రాన్ కొడుతున్నాడు!' ఇప్పుడు క్రియ రెండో కుర్చీలోకి దూకింది. వెంటనే "టోర్! టోర్!" అని కేకలు. టోర్ అంటే గోలు, పెద్ద గుమ్మం అనీ అర్థముంది. 3-2తో పశ్చిమ జర్మనీ గెలిచింది.

జర్మన్‌లో 'ఆడటం ఇష్టం' అనాలంటే 'గెర్న్' చాలు. దానర్థం 'ఇష్టంగా'. "ఇహ్ ష్పీలె గెర్న్ ఫూస్‌బల్." ఫూస్‌బల్ తీసేసి కబడ్డీ పెట్టి గట్టిగా చదవండి, గొంతు మీద వేళ్ళు ఆనించి.