బందరు చర్చి గచ్చు కింద

బందరు వాళ్ళకు సెయింట్ మేరీస్ చర్చి కథ కొత్త కాదు. మేజర్ జనరల్ జాన్ పేటర్ ప్రేమించిన అరబెల్లా రాబిన్సన్ 1809లో చనిపోయింది. పెళ్ళి కాని మనిషిని చర్చి భూమిలో పూడ్చడానికి పాదిరీ ఒప్పుకోలేదట. అప్పుడు పేటర్ తన సొంత స్థలంలో సమాధి చేయించి, దాని మీద చర్చి లేపించాడట. దేహానికి మందులు పూసి గాజుపెట్టెలో పెట్టారనీ, మర తిప్పితే పెట్టె పైకి లేచేదనీ పెద్దలు చెప్పేవాళ్ళు.

గాజుపెట్టె సంగతి అలా ఉంచండి. నన్ను పట్టుకున్నది కథలోని వరస. మామూలుగా చర్చి ముందు లేస్తుంది, సమాధులు తరవాత వచ్చి చేరతాయి. ఇక్కడ సమాధి ముందు, చర్చి తరవాత. అదే నిజమైతే ఈ కట్టడం పుట్టుక ఆ గచ్చు కిందే దొరకాలి.

ఒక్క రాయి కదపకుండా అక్కడికి చూపు పంపే సాధనం ఉంది: గ్రౌండ్ పెనెట్రేటింగ్ రాడార్. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2024లో పూరీ జగన్నాథుడి రత్నభాండాగారంలో దాన్ని నడిపారు. 2025లో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు, వాళ్ళ జాడ కోసం లోపల పేరుకున్న బురద మీదా దాన్నే నడిపారు.

తోపుడుబండి లాంటి దాన్ని నేల మీద నిదానంగా నడిపిస్తారు. అది రేడియో తరంగాన్ని లోపలికి పంపుతుంది. మట్టి మారినచోట, రాయి తగిలినచోట, బోలు ఉన్నచోట కొంత తరంగం వెనక్కొస్తుంది. ఎన్ని నానోసెకన్లకు తిరిగొచ్చిందో లెక్కగట్టి లోతు చెబుతారు. విడిగా ఉన్న వస్తువు తెరమీద బోర్లించిన మూకుడులా కనిపిస్తుంది. అడుగు, అడుగున్నర ఎడంలో వరసలు నడిచి, వాటిని కలిపితే లోతు లోతుకూ ఒక పటం తయారవుతుంది.

కథను ఇలా పరీక్షకు పెట్టడం ఇంగ్లండులో జరిగింది. స్ట్రాట్‌ఫర్డ్ హోలీ ట్రినిటీ చర్చిలో షేక్‌స్పియర్ సమాధి మీద 2014లో రాడార్ నడిపి, 2016లో ఫలితం చెప్పారు. సమాధి మీటరు లోతైనా లేదు. తలవైపు మట్టి కదిపిన గుర్తులున్నాయి. పుర్రె ఎవరో ఎత్తుకుపోయారన్న పాత వదంతిని నవ్వి కొట్టెయ్యడానికి వీల్లేకుండా పోయింది.

అయితే స్ట్రాట్‌ఫర్డ్ నేల వేరు, బందరు నేల వేరు. తడి బంకమన్ను రాడార్ తరంగాన్ని మింగేస్తుంది, ఉప్పునీరు మరీను. మనది కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు, పక్కనే సముద్రం. పైగా 1864 నవంబరు 1 ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకున్న ఊరు ఇది. ఆ నీళ్ళు మోసుకొచ్చిన మట్టిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. బయటి ఆవరణలో రాడార్ ఒక మీటరు దిగినా గొప్పే. అక్కడ మేకులు దిగ్గొట్టి మట్టిలోకి కరెంటు పంపి, నేల దానికెంత అడ్డుపడుతుందో కొలిచే పద్ధతి మేలు. చర్చి లోపల ఆశ ఎక్కువ. కప్పు కింద వాన పడని నేల, ఎత్తయిన అరుగు. నింపింది పొడి ఇసుకైతే రాడార్ చక్కగా దిగుతుంది. కాలవలు కట్టేసి భూమిలో నీటిమట్టం దిగిన ఎండాకాలమే దానికి అదను.

ఒక్క మాట మాత్రం మరవకూడదు: రాడార్‌కు వయసు తెలియదు. గోడ ఉందంటుంది, ఏ ఏడాది కట్టారో చెప్పదు. ఆ పని కాగితాలది. మద్రాసు ప్రెసిడెన్సీ ఖననాల రిజిస్టర్ల ప్రతులు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ రిజిస్టర్లనూ రాడార్ పటాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

పాత చర్చిల్లో గచ్చు తీయించి గ్రానైటు పరిపించే ముందు ఒక్కపూట ఈ బండి నడిపించమని పెద్దలకు నా మనవి. నేల తవ్వాక ఏ యంత్రమూ పాత పొరలను తిరిగి పేర్చలేదు. అరబెల్లా పెట్టెను తెరవమని నేననడం లేదు, ఆమె నిద్ర ఆమెది. చూడాల్సింది ఆమె చుట్టూ ఉన్న నేలను. కథ నిజమైతే ఇప్పటి గోడల పునాదులకు లోపల, సమాధిని చుట్టి, ఇంకో చిన్న గది పునాది గీతలు కనిపించవచ్చు. ఎవరూ చోటివ్వని మనిషికి ఒకడు కట్టిన మొదటి నాలుగు గోడలు అవి.