తాటాకు ఫొటోలో ఏఐ ఏం చదువుతుంది?

పుదుచ్చేరిలోని ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ 1955లో మొదలైంది. అక్కడివి సహా ఆ పట్టణంలోని సుమారు 11,000 శైవ రాతప్రతులను యునెస్కో 2005లో 'మెమొరీ ఆఫ్ ది వరల్డ్' జాబితాలో చేర్చింది. వాటిలో ఎక్కువ భాగం తాటాకులే. దక్షిణాదిన సంస్కృతానికి వాడిన గ్రంథ లిపిలో రాసినవే. అలాంటి ఒక ఆకు ఫొటోను ఏఐ చాట్‌లో అప్‌లోడ్ చేస్తే ఏం జరుగుతుంది?

టైపు చేసిన ఫైల్లో ప్రతి అక్షరానికీ ఒక సంకేత సంఖ్య ఉంటుంది. ఫొటోలో ఉండేవి రంగు చుక్కలే. వాటి అమరికను బట్టి అక్షరమేదో ఏఐ అంచనా వేయాలి. గ్రంథ లిపికి యూనికోడ్‌లో చోటు దక్కిందే 2014లో. ఏఐ నేర్చుకోవడానికి ఆ లిపిలో దొరికే పాఠం తక్కువ.

అసలు చిక్కు ఇక్కడే. అక్షరం అందకపోయినా ఏఐ ఆగకపోవచ్చు. అక్కడ ఇమిడే మాటలతో ఖాళీ పూరించవచ్చు. పురుగు తొలిచిన చోట కూడా చక్కని శ్లోకం పుట్టుకురావచ్చు!

అందుకే ముందుగా అర్థం అడగకండి. కనిపించిన అక్షరాలే రాయమని, అందని చోట చుక్కలు పెట్టమని చెప్పండి. వచ్చినదాన్ని ఫొటోతో వరుసవరుసా సరిచూడండి. ఇంట్లోని పాత దస్తావేజుకూ ఇదే పద్ధతి. సర్వే నంబరులో ఒక్క అంకె మారితే పొలమే మారిపోతుంది.