కారు వెనుక షాక్ అబ్సార్బరులను మార్చుట
కారు బరువును మోయునవి స్ప్రింగులు. వాని ఊపును అణచునవి షాక్ అబ్సార్బరులు. గతుకు దాటిన పిదప వెనుకభాగము పడవవలె ఊగుచున్నచో అవి చెడినవని తెలియవలెను.

వానిని ఇంటివద్దనే మార్చవచ్చును. కాని ఒక్క జాకీని నమ్మి కారుక్రింద దూరరాదు. హ్యాండుబ్రేకు సాధారణముగా వెనుకచక్రములనే పట్టును. అవి పైకి లేచిన పిమ్మట దానివలన ప్రయోజనము లేదు. కావున ముందుచక్రములకు దిమ్మలు అడ్డుపెట్టి, చట్రముక్రింద ఇనుప స్టాండులు నిలుపవలెను. ఇటుకలు వలదు, అవి చెప్పి పగులవు.

అంబాసిడరు వంటి బండిలో ఇరుసును కమాను పట్టీలు పట్టియుంచును. కాయిల్ స్ప్రింగుల కార్లలో పెక్కింట షాక్ అబ్సార్బరు ఊడగానే ఇరుసు దిగజారును. బ్రేకు హోసు సాగి చెడవచ్చును. ఇరుసుక్రింద రెండవ జాకీ ఆనించియే బోల్టులు విప్పవలెను.

రెండుప్రక్కలను ఒకేసారి మార్చుట మేలు. రబ్బరు బుష్షుల బోల్టులకు తుదిబిగింపు కారు నేలపై నిలిచిన పిదపనే. గాలిలో నుండగా బిగించినచో, బరువు పడగానే రబ్బరు మెలితిరిగి త్వరలో చినుగును.